బోర్డు మీద సన్యాసమ్మ

ప్రశ్న వేసిన చోట జవాబు చెప్పే అలవాటు సింహాద్రయ్య గురువుగారికి లేదు. జీడితోటలో ఉన్న ఆయన పాకకి ఎవరైనా వచ్చి, ధర్మసందేహమంటూ గొంతు సవరించుకుంటే, ఆయన ఆసాంతం విని, "సరే, చూద్దాం" అనేవారు. చూద్దామంటే నిజంగా చూడడమే. రెండు రోజులకో రెండు నెలలకో ఆ అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరేవారు. అక్కడ ఏదో ఒకటి జరిగేది. జరగకపోతే ఊరికే తిరిగి వచ్చేవారు. ఓపికున్న శిష్యులు ఈ పద్ధతికి అలవాటు పడ్డారు, ఓపిక లేనివాళ్ళు వేరే గురువుల్ని వెతుక్కున్నారు. కూర్మారావుకి ఓపికా లేదు, వేరే గురువూ లేడు.

కూర్మారావు టౌన్లో మందుల షాపు నడిపి, దాన్ని అల్లుడి చేతిలో పెట్టి, మిగిలిన జీవితాన్ని సాగరతీర విద్యా సహాయ సంఘానికి అప్పగించినవాడు. సంఘానికి అధ్యక్షుడున్నాడు, ఉపాధ్యక్షులున్నారు, గౌరవ సలహాదారులున్నారు. వాళ్ళంతా ఫొటోలకి వస్తారు. ఎండలో తిరిగి నలుగురి గుమ్మాలు తొక్కే పని మాత్రం కార్యదర్శిది, అంటే కూర్మారావుది. ఆ రోజు ఆయన తోటలోకి వచ్చిన వాలకం చూస్తేనే ఒళ్ళు మండిపోయి ఉన్నాడని తెలుస్తోంది. నమస్కారం కూడా సగమే పెట్టాడు. చాప మీద కూలబడి, కండువాతో మెడ తుడుచుకుని, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది ఒక్కసారిగా కక్కేశాడు.

"గురువుగారూ, ఒక్కటి చెప్పండి. పిల్లల చదువుకి పది రూపాయలిచ్చేవాడికి పేరు మీద ఇంత యావ ఎందుకండీ? వీళ్ళకి బుద్ధి రావాలంటే నేనేం చెయ్యాలి?"

గురువుగారు జీడిపిక్కలు ఎండబోసిన గోనెపట్టా సర్దుతున్నారు. సర్దుతూనే విన్నారు. వినడానికి చాలా ఉంది.

దిబ్బలపాలెం అని, సముద్రానికీ ఉప్పుటేరుకీ మధ్య ఇసుకలో ఇరుక్కున్న చేపలవాళ్ళ ఊరు. సర్కారు బడి ఏటికి అవతలి ఒడ్డున ఉంది. పోటు వేళ ఏరు పిల్లల మెడల దాకా వస్తుంది. కన్నతల్లులెవరూ పంపరు. పంపకపోతే ఆ పిల్లలు, మరీ ముఖ్యంగా ఆడపిల్లలు, ఎండుచేపల కళ్ళాల్లో కాకుల్ని తోలుతూ కూర్చుంటారు. అది చూడలేకే సంఘంవాళ్ళు ఇవతలి ఒడ్డున రేకుల కప్పు వేసి ఒక హాలు కట్టారు. గౌరీశ్వరి అనే టీచరమ్మ అదే ఊళ్ళో ఒక గది తీసుకుని, పిల్లలందర్నీ ఒక్కర్తే పట్టుకుని లాక్కొస్తోంది. ఆవిడ జీతం విశాఖపట్నం షావుకారొకాయన ఇచ్చేవాడు. ఆయన పోయాడు, కొడుకులు మానేశారు. కొన్ని నెలలుగా ఆవిడ చేతికి పైసా అందలేదు. ఇప్పుడు టౌన్లో ఓ ప్రైవేటు స్కూలు పిలుస్తోంది. వార్షికోత్సవం అయ్యేదాకా ఉంటాననీ, ఆ తర్వాత తన ఇల్లు కూడా గడవాలి కదా అనీ, కోపం లేకుండానే చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే కూర్మారావుకి ఇంత బాధ ఉండేది కాదు. ఆవిడ వెళ్ళిన మర్నాడు ఆ హాలుకి తాళం పడుతుంది.

అందుకని కూర్మారావు జీతం కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. తిరిగిన ప్రతిచోటా మర్యాదకి లోటు లేదు. కూర్చోబెట్టారు, కాఫీలిచ్చారు, చదువు గొప్పదనం గురించి ఆయనకే ఉపన్యాసాలిచ్చారు. జీతం అనేసరికి మాత్రం ముఖాలు మారిపోయాయి. బంగారుకొట్టాయన బీరువా ఇస్తానన్నాడు. ఉన్న బీరువాలోనే పుస్తకాలు లేవని చెబితే, పెద్ద బీరువా ఇస్తానన్నాడు. డాక్టరుగారు గంట ఇస్తానన్నాడు. గంట ఉందండీ అంటే, ఇది కంచుదన్నాడు. ఇంకొకాయన విషయం తేటతెల్లం చేశాడు. బెంచీ మీద పేరు రాయిస్తే ఇరవై ఏళ్ళుంటుంది, జీతం మీద పేరెలా రాయిస్తావయ్యా అని అడిగాడు. ఎవరో వేళాకోళానికి అన్న మాట కాదది, మనస్ఫూర్తిగా అడిగాడు.

పేర్ల సంగతి ఎత్తుకుంటే కూర్మారావుకి ఊపిరాడదు. ఆ బడిలో పేరు లేని వస్తువు లేదు. ఫ్యాను మూడు రెక్కల మీదా ముగ్గురు అన్నదమ్ముల పేర్లు. ఫ్యాను తిరిగితే పేర్లు కనబడవని, దాతలు వచ్చినప్పుడు దాన్ని ఆపెయ్యాలి. గోడగడియారం మీద అంకెల కన్నా అక్షరాలు ఎక్కువ. అన్నం కంచాల అడుగున ఒక అత్తగారి పేరు చెక్కించారు. పప్పూ అన్నం తింటూ పోతే ఆవిడ బయటపడుతుంది. టీచరమ్మ కుర్చీ వీపు మీదా పేరే. ఆవిడ కూర్చుంటే పేరు మూసుకుపోతోందనీ, కాస్త పక్కకి జరిగి కూర్చోమనీ ఒక దాత ఫొటో తీసేటప్పుడు అడిగాడు. ఆవిడ జరిగింది కూడా. 

చెప్పని ముక్క ఒకటుంది. ఆ బడిలో మొట్టమొదట పేరు రాయించింది కూర్మారావే. హాలు కట్టిన కొత్తల్లో గోడ నిండా పెద్ద చెక్కబోర్డు తన డబ్బుతో చేయించి, పైభాగాన తెల్ల ఎనామిల్ పెయింటుతో, జానెడేసి అక్షరాలతో, "కీర్తిశేషులు సన్యాసమ్మ గారి జ్ఞాపకార్థం, కుమారుడు కూర్మారావు" అని రాయించాడు. అది చూశాకే మిగతావాళ్ళకి ఆ ఆలోచన వచ్చింది. వాళ్ళడిగితే ఈయన ఉత్సాహంగా పెయింటర్ని కుదిర్చి పెట్టాడు. పేరు రాయిస్తామంటే చందాలు చకచకా వస్తున్నాయని అప్పట్లో సంబరపడ్డాడు కూడా. ఈ సంగతి గురువుగారి దగ్గర దాచాడని కాదు, అసలు చెప్పాలని ఆయనకి తోచలేదు.

అంతా విని గురువుగారు, వార్షికోత్సవం ఎప్పుడని అడిగారు. ఆదివారం అన్నాడు కూర్మారావు. తానూ వస్తానన్నారాయన. కూర్మారావుకి నీరసం వచ్చింది. అడిగిన ప్రశ్నకి జవాబు లేదు సరికదా, ఇప్పుడు గురువుగారికి ఆటో మాట్లాడాలి, వేదిక మీద కుర్చీ వెయ్యాలి, దండ తెప్పించాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే ఎవరికి కోపం వస్తుందో మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలి.

ఆదివారం దాతలకన్నా ముందే ఇద్దరూ బడికి చేరారు. వేదిక ఎక్కమంటే గురువుగారు ఎక్కలేదు. సరాసరి హాలు చివరికి వెళ్ళి, నేలమీద చిన్నపిల్లల వెనకాల చతికిలబడి, కూర్మారావుని కూడా పక్కన కూర్చోమన్నారు. అవతల షామియానా కర్రలు నిలబడలేదు, మైకు గరగరలాడుతోంది, పెయింటరు అప్పలకొండ కొత్త పేర్లు రాయడానికి డబ్బాలు పట్టుకొచ్చి ఎక్కడ మొదలెట్టాలని అడుగుతున్నాడు. అయినా గురువుగారు రమ్మన్నాక తప్పుతుందా, కూర్మారావు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ కూడా గౌరీశ్వరి ఊరికే ఉండలేదు. దాతలొచ్చేలోగా బోర్డు అడుగున వంగి, పిల్లలకి ఏవో మాటలు రాయిస్తోంది. బోర్డు పక్కన మేకుకి ఓ పాత గుడ్డముక్క వేలాడుతోంది.

"అక్కడేం రాసుందో చదువు, కూర్మారావూ" అన్నారు గురువుగారు.

కూర్మారావు చదివాడు. తల్లి పేరు, తన పేరు. దాని కింద ఏముందో కూడా చదవమన్నారాయన. కూర్మారావు మెడ సాచాడు, పక్కకి వంగాడు. ముందు వరసలవాళ్ళ తలలు అడ్డం. కనబడడం లేదండి అన్నాడు. గురువుగారు "ఊ" అని ఊరుకున్నారు. కూర్మారావు మటుకు ఊరుకోలేదు. బోర్డు ఇంకాస్త పైకి బిగించాల్సింది, వడ్రంగి తెలివితక్కువవాడు అనుకున్నాడు. పైకి బిగిస్తే టీచరమ్మకి అందదు కాబట్టి కింద ఓ అరుగు కట్టించాలనుకున్నాడు. ఆ అరుగుకి దాత ఎవరు దొరుకుతారో, వాళ్ళ పేరు అరుగు మీద ఏ పక్కన రాయించాలో కూడా లెక్క వేసుకున్నాడు. ఇంతలో కార్లు వచ్చిన చప్పుడైతే లేచి పరిగెత్తాడు.

దాతలు వచ్చారు. వారిలో ముఖ్యుడు రైసుమిల్లు జనార్దనం గారు. చెడ్డవాడు కాదు. ఇస్తానంటే ఇస్తాడు, చెప్పిన రోజుకిస్తాడు. కాకపోతే ఇచ్చినది కంటికి కనబడాలి. ఆయన రాగానే పద్ధతి ప్రకారం ఫ్యాను ఆపేశారు. రేకుల కింద అందరికీ చెమటలు కారుతున్నాయి. ఫ్యాను రెక్కల మీద ముగ్గురన్నదమ్ములు మాత్రం హాయిగా, స్పష్టంగా కనబడుతున్నారు. నూకరత్నం అనే మూడో తరగతి పిల్ల స్వాగత వాక్యాలు చదవడానికి ముందుకొచ్చింది. చక్కటి గొంతు, తడబాటు లేదు. "కీర్తిశేషులు జనార్దనం గారికి మా బడి తరఫున సుస్వాగతం" అంది.

జనార్దనం గారి చెయ్యి దండ దగ్గరే ఆగిపోయింది. కూర్మారావు తల పట్టుకున్నాడు. గౌరీశ్వరి గబగబా వచ్చి, పిల్లదాని తప్పు కాదండీ, కళ్ళు తెరిచినప్పటినుంచీ గోడల మీదా బల్లల మీదా దాతల పేర్ల ముందు ఆ మాటే చూసింది, పెద్ద మనుషుల్ని అలాగే పిలవాలనుకుంది అని చెప్పింది. ఇలాంటిది జరుగుతుందని తనకి తోచి ఉండాల్సిందని కూడా అంది. జనార్దనం గారు మొదట ఎర్రబడ్డాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. నూకరత్నానికి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.

సభ నడిచింది. ఉపన్యాసాలయ్యాయి. అందరూ చదువు దీపమన్నారు, వెలుగన్నారు, రేపటి భారతమన్నారు. కూర్మారావు వంతు వచ్చింది. ఆయన ఉపన్యాసం చెయ్యలేదు. టీచరమ్మకి జీతం లేదనీ, ఎవరైనా పూనుకోకపోతే సోమవారం నుంచి బడి ఉండదనీ, ఈ పిల్లలు మళ్ళీ కళ్ళాల్లోకి పోతారనీ ఉన్నమాట చెప్పి, చేతులు జోడించి నిలబడ్డాడు. వేదిక మీద అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బంగారుకొట్టాయన బీరువా మాట మళ్ళీ ఎత్తాడు. కూర్మారావుకి అక్కడే గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

జనార్దనం గారు మాట మార్చడానికి నూకరత్నాన్ని దగ్గరకి పిలిచాడు. అంత బాగా చదివే పిల్ల కదా, ఇక్కడున్నవన్నీ చదివి వినిపించమన్నాడు. పిల్ల హుషారుగా బయల్దేరింది. ఫ్యాను చదివింది. గడియారం చదివింది. టీచరమ్మ కుర్చీ వెనక్కి వెళ్ళి చదివింది. బెంచీలు, నీళ్ళ డ్రమ్ము, గంట, బీరువా, ఒకటొకటే తాకుతూ చదివింది. కంచం తిరగేసి అత్తగారిని కూడా చదివింది. తమ పేరు వచ్చినప్పుడల్లా ఆ పేరుగల వారు సర్దుకుని కూర్చున్నారు. చివరికి బోర్డు చదివి ఆగింది. జనార్దనం గారు మురిసిపోయి, ఇంకేమైనా మిగిలిందా తల్లీ అని అడిగాడు. పిల్ల హాలంతా కలయజూసింది. దాని చూపు గౌరీశ్వరి మీద నిలిచింది.

"మా టీచరమ్మ మీద ఏటీ రాయలేదండి" అంది. "పేరు రాసినవన్నీ ఇక్కడే ఉంటాయి. టీచరమ్మ ఎలిపోతంది."

గౌరీశ్వరి ముఖం పక్కకి తిప్పుకుంది. జనార్దనం గారు చాలాసేపు కండువా అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన మనసు కరిగిందనడంలో సందేహం లేదు. కానీ మనిషి ఎన్నాళ్ళుగానో నడిచిన దారి ఒక్క పూటలో మారుతుందా? టీచరమ్మ జీతం తానే ఇస్తాననీ, ఆవిడ ఉన్నంతకాలం ఇస్తాననీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టబోయారు. ఆయన చెయ్యి ఎత్తి ఆపి, చాలా మామూలుగా, "మరి మా నాన్నగారి పేరు ఎక్కడ రాయిస్తారు?" అని అడిగాడు.

అప్పుడు కూర్మారావుకి తెగింది. ఇన్ని నెలల ఎండలూ, ఇన్ని గుమ్మాల కాఫీలూ, ఆ రెండో గంటా, ఆ పెద్ద బీరువా, అన్నీ కలిసి నాలుక చివరికి వచ్చేశాయి.

"ఆవిడ నుదుటి మీద రాయించమంటారా?" అన్నాడు.

జనార్దనం గారి ముఖం మాడిపోయింది. ఆయన తండ్రి హమాలీగా బస్తాలు మోసి మిల్లు పెట్టినవాడు. ఆ పేరంటే ఈయనకి ఎంత ప్రాణమో ఊళ్ళో అందరికీ తెలుసు, కూర్మారావుకీ తెలుసు. జనార్దనం గారు లేచి నిలబడి, చెప్పుల కోసం చూశాడు. ఆయన వెనకాలే మిగతావాళ్ళూ లేవబోయారు. నోరు జారిందని కూర్మారావుకి అప్పుడే తెలిసింది. ఒక్క మాటతో బడిని తన చేత్తోనే మూసేశానని అర్థమైంది. క్షమించమనడానికి ఆయన వైపు అడుగు వేశాడు.

హాలు చివరినుంచి, పిల్లల మధ్యనుంచి, గురువుగారి గొంతు తాపీగా వినిపించింది.

"కూర్చోండి జనార్దనంగారూ. బోర్డు మీద పైభాగం ఖాళీ అవుతుంది. మా కూర్మారావు ఇస్తాడు."

కూర్మారావు గిరుక్కున తిరిగి చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గురువుగారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతమందిలో, అడక్కుండా, సంప్రదించకుండా! సన్యాసమ్మ జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి. మొగుడు పోయాక, మరమరాలు అమ్మి ఈ కొడుకుని చదివించింది. ఎక్కడికెళ్ళినా సిరా అంటిన బొటనవేలు కొంగులో దాచుకునేది. ఓసారి కూర్మారావు పలక మీద ఆవిడ పేరు రాసి చూపిస్తే, ఇది నేనేనా అని నవ్వి, ఆ పలకని పొయ్యి దగ్గర ఆనించి పెట్టుకుని వంట చేసింది. ఆ పేరు నలుగురూ చదవాలని రాయించాడు గానీ గొప్పకోసమా? మిగతావాళ్ళలాగానా? మిగతావాళ్ళు ఎందుకు రాయించారో తను ఎప్పుడూ అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. తట్టినందుకు ఇంకా కోపం వచ్చింది.

వద్దు అనవచ్చు. ఎవరూ బలవంతపెట్టరు. ఆయన బోర్డుకేసి చూశాడు, దాని కింద వంగి వంగి రాసిన సుద్ద అక్షరాలకేసి చూశాడు. వెనక వరసలో గురువుగారి పక్కన కూర్చున్న చిన్నవాళ్ళకేసి చూశాడు. వాళ్ళకి అక్కణ్ణుంచి ఏం కనబడుతుందో ఆయనకి తెలుసు, ఇందాక తనే అక్కడ కూర్చుని చదివాడు. ఏమీ అనకుండా అప్పలకొండ దగ్గరికి వెళ్ళి, పెయింటు కరిగించే థిన్నర్ సీసా తీసుకున్నాడు. తుడవడానికి ఏమైనా ఉందా అని చేతితోనే అడిగాడు. గౌరీశ్వరి మేకుకున్న గుడ్డ తీసి ఇచ్చింది.

ఎనామిల్ పెయింటు ఒక పట్టాన వదలదు. మొదట కూర్మారావు పేరు పోయింది, అది కింది వరసలో ఉంది కాబట్టి. తర్వాత తల్లి పేరు. మధ్యలో ఒకసారి ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పలకొండ తాను తుడుస్తానని లేచాడు. కూర్మారావు వద్దని తల ఊపి, మళ్ళీ రుద్దాడు. కళ్ళు మండాయి. థిన్నర్ వాసన ఘాటుగానే ఉంటుంది గానీ, ఆ వాసన ఒక్కటే కాదని చూసినవాళ్ళందరికీ తెలుసు. చివరికి బోర్డు పైనుంచి కిందదాకా ఒకే నలుపైంది.

జనార్దనం గారు చెప్పుల దగ్గరే నిలబడి అంతా చూశాడు. చూసి, మెల్లగా వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అప్పలకొండ అలవాటు చొప్పున కుంచె తీసి, పేరు చెప్పండి బాబూ అన్నాడు. కూర్మారావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీనికోసమా నేను తుడిచింది అనుకున్నాడు. అప్పుడు గౌరీశ్వరి ఆ సాయంత్రమంతటిలోకీ మొదటిసారి తన తరఫున ఒక మాట అడిగింది.

"పెయింటు వద్దండి, సుద్దతో నేనే రాస్తాను. రోజూ పొద్దున్న మొదట మీ నాన్నగారి పేరే రాయిస్తాను. పిల్లలంతా పలకల మీద దిద్దుతారు. దిద్దాక తుడిచేసి పాఠం మొదలెడతాను."

తుడిచేస్తారా అని అడిగాడు జనార్దనం గారు. తుడవకపోతే పాఠం ఎక్కడ రాయనండీ అంది ఆవిడ. మర్నాడు మళ్ళీ రాస్తానంది. ఆయన కాసేపు ఆలోచించాడు. తన తండ్రి పేరు ఇంతమంది పిల్లలు చేత్తో రాయడం అనే ఊహ ఆయనకి అప్పటిదాకా రాలేదు. సరే, ఒకసారి రాయించు చూస్తాను అన్నాడు. గౌరీశ్వరి బోర్డు పైభాగాన, వంగకుండా, నిటారుగా నిలబడి "లచ్చయ్య" అని రాసింది. వెనక వరసదాకా అందరికీ కనబడింది. పలకలు బయటికొచ్చాయి, బలపాలు కిచకిచలాడాయి. జనార్దనం గారు వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్క పలకా చూశాడు. ఒక పలక దగ్గర వంగి, వత్తులూ వంకరలూ సరిగ్గా రాని ఆ పేరుని చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి ఫ్యాను స్విచ్చి వేశాడు. ముగ్గురన్నదమ్ములు మాయమై, హాల్లోకి గాలి వచ్చింది.

కూర్మారావు కూడా ఒక పలక చూశాడు. వెనక వరసలో ఒక చిన్నవాడు, కొత్త పేరు రాయమంటే, చేతికి అలవాటైన పేరు రాసి కూర్చున్నాడు. సన్యాసమ్మ. ఒక్క అక్షరం తప్పు లేదు. కూర్మారావు వాడి ముందు కూర్చుండిపోయాడు. వాడు పెద్దాయన ముఖం చూసి, తప్పు రాశాననుకుని భయపడి, పలక మీద ఉమ్మేసి మోచేత్తో తుడిచేసి, బోర్డు చూసి లచ్చయ్య పేరు మొదలెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు గురువుగారు ఆటో వద్దన్నారు. ఇసుకలో నడక. కూర్మారావు మాట్లాడడం మొదలుపెట్టాక ఆగలేదు. టీచరమ్మ ఉంటుంది, అది చాలు, కాదనను అన్నాడు. కానీ ఇదెక్కడి న్యాయమండీ అన్నాడు. పేరు కావాలన్నాయనకి పేరు దొరికింది. ఫ్యానూ గడియారమూ కంచాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, అత్తగారు రేపు కూడా పప్పులోంచి బయటపడుతుంది. బంగారుకొట్టాయన వెళ్ళేటప్పుడు బీరువా కొలతలు అడిగి వెళ్ళాడు. పోయింది నా తల్లి పేరొక్కటే. పైగా మీరు నేనడిగిన దానికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు, పేరు మీద జనానికి ఇంత యావ ఎందుకని అడిగాను, వాళ్ళకి బుద్ధి ఎలా వస్తుందని అడిగాను అని నిలదీశాడు.

గురువుగారు నడక ఆపి, కూర్మారావు చేతికేసి చూసి, అదేమిటని అడిగారు. కూర్మారావు కూడా చూసుకున్నాడు. బోర్డు తుడిచిన గుడ్డ. గాభరాలో గుప్పిట్లోనే పట్టుకొచ్చేశాడు. సగం తెల్ల పెయింటు, సగం సుద్దపొడి. విప్పి చూస్తే ఉల్లిపొర రంగు చీరముక్క, ఒక పక్క అంచు కూడా ఉంది. టీచరమ్మ పాత చీర చింపి పెట్టుకున్నట్టుందండి అన్నాడు.

"ఎవరిచ్చారో రాసుందా?"

కూర్మారావు గుడ్డని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మెల్లగా మడతపెట్టాడు. గురువుగారు మళ్ళీ నడక సాగించారు.

"పొద్దున్నే పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి నాయనా. అది లేకపోతే బడి మొదలవదు" అన్నారు.